బొటనవేలి మీద ఇద్దరి పెత్తనం

మా ఇంట్లో పర్మనెంటు పోస్టు ఉన్నది ఇద్దరికే. ఒకటి, భిలాయి స్టీల్ ప్లాంటులో మా అన్నయ్య హరినాథ్‌కి. రెండు, నా ఎడమ బొటనవేలి మీది పులిపిరికి. నేను డిగ్రీ అయిన దగ్గర్నుంచి సర్కారీ పరీక్షలు రాసుకుంటూ, కోహ్కాలోని మా ఇంటి ముందు గదిలో, తలుపు వెనకున్న మంచం మీద టెంపరరీగా ఉంటున్నాను.

పులిపిరంటే ఏదో చిన్న చుక్క అనుకోకండి. వేలి గుజ్జు మీద సరిగ్గా నడిమధ్యన కాలీఫ్లవర్ లాగ విచ్చుకుని ఉండేది. చలికాలం పొద్దున్న దాని కొస మీద మంచు పడేదని కొందరంటారు. ఆ కొందరూ నేనే.

అమ్మా నాన్నా మా అక్క పురుడికి విజయనగరం వెళ్ళారు. వాళ్ళుంటే ఇదేదీ జరగదు. ఇంట్లో అన్నయ్య, వదిన ప్రసూన, వాళ్ళ పిల్ల వాసవి, మా మామ్మ అప్పయమ్మ, నేను, పులిపిరి. ఆరుగురం.

వదిన సుపేలాలో ఒక మందుల షాపులో ఫార్మసిస్టు. పుట్టింది, పెరిగింది, చదివింది అన్నీ భిలాయిలోనే. తెలుగులో బాగా తిడతాది, హిందీలో ఇంకా బాగా తిడతాది.

"గిరీష్, అది వైరస్. అంటుకుంటాది. సమ్‌ఝే? నా పిల్లకి గాని వచ్చిందో, పులిపిరి కాదు, నీ చెయ్యి కోసీస్తాను," అని ఒకరోజు నా తువ్వాలు, సబ్బు, మగ్గు తీసుకెళ్ళి బాల్కనీలో పెట్టీసింది. టీవీ రిమోటుకి ప్లాస్టిక్ కవరు తొడిగింది. నేను తాకిన తలుపు గడియని నేను చూస్తుండగానే తుడిచేది. నేను చూడకపోతే నన్ను పిలిచి మరీ తుడిచేది.

ఆ తరవాత ట్రీట్‌మెంటు మొదలైంది. షాపు నుంచి సాలిసిలిక్ యాసిడ్ పెయింటు తెచ్చింది, మూతకే చిన్న బ్రష్షు ఉంటాది, అది. రోజూ సాయంత్రం వేలు వేణ్ణీళ్ళలో నానబెట్టాలి. నానిన తెల్ల తోలుని గోరు ఆకురాయితో గీకాలి. చుట్టూ మంచి చర్మానికి వేజలిన్ రాయాలి. అప్పుడు పులిపిరి మీద మాత్రమే ఒక చుక్క. ఆరేక టేపు.

"ఎన్నాళ్ళు వదినా?"

"రెండు నెల్లో, మూడు నెల్లో. ఓపికుండాలి."

ఓపిక, మా వదిన ఒకే గదిలో ఉండడం నేనెప్పుడూ చూళ్ళేదు. అయినా నిజం చెప్పాలి, మందు పనిచేస్తోంది. కాలీఫ్లవర్ కాస్తా పెసరగింజ సైజుకి దిగింది.

అది మామ్మకి నచ్చలేదు. మామ్మది పలాస దగ్గర పల్లె. పెళ్ళికి ముందు జీడిపిక్కల ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేది. తాతకి ప్లాంటులో పని దొరికి ఇక్కడికొచ్చింది. ఇన్నేళ్ళయినా హిందీలో రెండు మాటలే వాడతాది, "క్యా", "నై". ఆ రెండింటితోనే సుపేలా బజారంతా లొంగదీసింది. లోకంలో ప్రతి పులిపిరికీ ఆవిడ దగ్గర ఒకటే మందు. జీడిపిక్క తొక్కలోంచి తీసిన నల్ల నూనె. ఊర్నుంచి ఎవరొచ్చినా తెప్పించుకుని, పాత తలనొప్పి బామ్ సీసాలో పోసి, చీరల మధ్య దాచుకుంటాది.

"ఒక్క సుక్క. సీపురుపుల్లతో ఒక్క సుక్క ఎట్టనీ. పులిపిరి తాత కూడా రాలిపోతాడు," అనేది.

"మామ్మగారూ, ఆ నూనె తోలు కాల్చేస్తాది. పాత జమానా మందులు నా దగ్గర వద్దు," అనేది వదిన.

"నీ సీసాలోది పాలేటి మరి? దాని మీద యాసిడ్ అనే రాసుంది గదే! సదువుకున్న యాసిడ్ అయితే కాలదేటి?"

ఇలగ నా బొటనవేలు రెండు దేశాల బోర్డర్ అయిపోయింది. రెండు వైపులా కాపలా. మధ్యలో నాకు పాస్‌పోర్టు లేదు.

ఇక్కడ మిరియం సంగతి చెప్పాలి. ఒక ఆదివారం వదిన సోఫాలో కునుకు తీస్తూంటే ఆవిడ గెడ్డం కింద గమ్‌తో ఒక మిరియపు గింజ అంటించాను. లేచి అద్దంలో చూసుకుని పెట్టిన కేకకి ప్లాంటులో ఒక ఫర్నేసు ఆపీసారని విన్నాను. ఆ రోజు నుంచి వదిన నాతో మాట్లాడ్డం మానీసింది, తిట్టడం మాత్రం కొనసాగించింది.

సరిగ్గా అప్పుడే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. నేను పరీక్ష ప్యాస్. క్లర్కు ఉద్యోగం. దుర్గ్‌లో కాగితాల తనిఖీకి రావాలి. మొదటి పరీక్ష రోజు వేలిముద్రల మెషీన్ మీద పెట్టిన వేలే మళ్ళీ పెట్టాలి. కలవకపోతే మన బదులు ఎవడో రాసినట్టు లెక్క. ఇంకెప్పుడూ ఏ పరీక్షా రాయనివ్వరు.

మొదటి రోజు పెట్టింది ఎడమ బొటనవేలు. అప్పుడు పులిపిరి నిండు యవ్వనంలో ఉంది. మెషీన్ దాని ఫోటో నా ముద్రగా దాచుకుంది. అంటే ఇప్పుడది రోగం కాదు, నా సర్టిఫికెట్. దాన్ని మేమే రోజూ ఆకురాయితో గీకి యాసిడ్ పోస్తున్నాం.

పరిగెట్టుకెళ్ళి వదినకి ఫోన్ చూపించబోయాను.

"వదినా, మందు బంద్. పులిపిరి ఉంటేనే ఉద్యోగం."

ఆవిడ పప్పు గరిట తిప్పుతూ ఫోన్ వైపు కూడా చూళ్ళేదు.

"మిరియం గుర్తుందా నీకు?"

"ఇది నిజం వదినా!"

"మిరియం కూడా నిజంలాగే ఉండింది."

సరే, నా దారి నేను చూసుకున్నాను. సీసాలో పెయింటు పారబోసి నీళ్ళు పోసాను. ఆ సాయంత్రం వదిన మూత తీసి, బ్రష్షు ముక్కు దగ్గర పెట్టుకుంది. అసలు మందు మూత తీస్తే పక్కింటివాళ్ళు తుమ్ముతారు. దీనికి వాసనే లేదు.

"హరీ! ఇలా రా! నీ తమ్ముడు ఏం చేసాడో చూడు!"

అన్నయ్య వచ్చాడు. వదిన సీసా పట్టుకుని, "ఈ ఇంట్లో ఉంటే వీడన్నా ఉండాలి, పులిపిరన్నా ఉండాలి. ఇద్దరూ కుదరదు. ఆదివారం దాకా టైం," అంది.

అన్నయ్య నన్నూ, నా వేలునీ మార్చి మార్చి చూసాడు. "పులిపిరిని ఉంచీ. అది మాట్లాడదు."

మిగిలింది మామ్మ. వంటింటి గుమ్మం దగ్గర బియ్యం ఏరుకుంటోంది. పక్కన కూర్చున్నాను.

"మామ్మా, వదిన మందు నాకొద్దు. ఈ పులిపిరిని ఎలగైనా కాపాడాలి. దీంతోనే నాకు ఉద్యోగం."

మామ్మకి చెవులు బాగానే పనిచేస్తాయి. కాకపోతే ఇష్టమైన ముక్క వినబడగానే మిగతాది మూసుకుంటాయి. ఆవిడ విన్నది "వదిన మందు నాకొద్దు" వరకే. మొహం వెలిగిపోయింది.

"నాకొగ్గీరా నాయనా. నువ్వు ఎల్లి తొంగో."

నేను మధ్యాహ్నం చేపల పులుసు తిని తొంగున్నాను. లేచేసరికి వేలు మీద నల్లటి చుక్క. నొప్పి లేదు, మంట లేదు. మామ్మ గుమ్మంలో నిలబడి నవ్వుతోంది, చేతిలో చీపురుపుల్ల.

జీడి నూనె మనిషిని వెంటనే ఏమీ అనదు. ఆలోచించుకుని అంటాది. రెండ్రోజులకి వేలు గారె లాగ పొంగింది. రాత్రి లైటు తీసీసినా ఆ ఎరుపుకి గదిలో చదువుకోవచ్చు.

వదిన చూసింది. ముందు కట్టుగుడ్డ తెచ్చింది, తరవాత నోరు తెరిచింది.

"ఏం చేసారు మామ్మగారూ! వేలు మొత్తం కాల్చీసారు!"

"నీ వల్ల కానిది సేసాను. పులిపిరి ఉందా? సూడు. ఉందా?"

"వేలే లేదు, ఇంక పులిపిరేంటి!"

"మరి అదే గదే మందంటే."

వదిన సబ్బు నీళ్ళతో కడిగి, బొబ్బ చిదపకుండా గాజ్ గుడ్డ చుట్టి కట్టు కట్టింది. నేనీలోగా ఫోన్ తీసి ఆవిడ మొహం ముందు పెట్టాను. చదివింది. మళ్ళీ చదివింది.

"ముందే ఎందుకు చూపించలేదురా?"

"చూపించాను. నువ్వు మిరియం గురించి మాట్లాడావు."

ఆవిడ కట్టు ముడి ఎంత గట్టిగా బిగించిందంటే, వేలు ఒక ఇంచు పొడవు పెరిగింది.

తనిఖీ రోజుకి బొబ్బ ఎండి తోలంతా ఊడిపోయింది. లోపల గులాబీ రంగు కొత్త చర్మం, తొక్క తీసిన ఉడికిన బంగాళాదుంప లాగ నున్నగా. గీతలు లేవు, సుడులు లేవు. పులిపిరీ లేదు. పెసరగింజంత కూడా మిగల్లేదు.

దుర్గ్‌కి ఆటోలో ముగ్గురం వెళ్ళాం. వదిన షాపుకి సెలవు పెట్టి మరీ వచ్చింది.

"నా మీద ప్రేమేటి వదినా?"

"ఉద్యోగం వస్తేనే కదా నువ్వు ఇల్లు ఖాళీ చేస్తావు. నోరు మూసుకుని కూర్చో."

మామ్మని ఎవరూ రమ్మన్లేదు. ఆటోలో ఆవిడే ముందెక్కి కూర్చుంది.

తనిఖీ ఒక కాలేజీ హాల్లో. టేబుల్ వెనక ఒక సాబ్, ముందు మెషీన్. వేలు పెట్టాను. ఎర్ర లైటు. తుడిచి పెట్టాను. ఎర్ర లైటు. ఊది పెట్టాను. మెషీన్‌కి నా మీద కోపం వచ్చి మరీ ఎర్రబడింది.

సాబ్ నా చెయ్యి తిప్పి చూసాడు. హిందీలో, తాపీగా, "వేలు కాల్చుకొచ్చావు," అన్నాడు.

"కాల్చుకోలేదు సర్. పులిపిరికి మందు..."

"ప్రతి ఏడాదీ చూస్తాం. ఎవడో రాస్తాడు, ఇంకెవడో వేలు కాల్చుకుని వస్తాడు. పక్కన నిలబడు. పేరు పైకి పంపిస్తాను. ఇంక జన్మలో పరీక్ష రాయక్కర్లేదు."

పక్కన నిలబడ్డాను. జోకులేవీ దొరకలేదు. వెతికాను, నిజంగానే దొరకలేదు.

వదిన ముందుకెళ్ళింది. "సర్, నేను ఫార్మసిస్టుని. ఇది యాసిడ్ కాదు. వీళ్ళ నానమ్మ కాజూ తొక్క నూనె రాసింది. దానికి బొబ్బలెక్కుతాది."

సాబ్ పక్క టేబుల్ వైపు తిరిగి నవ్వాడు. "విన్నావా? కాజూతో చెయ్యి కాలిందట! దీవాళీకి మా ఇంట్లో డబ్బాలు డబ్బాలు తింటాం. మా నోళ్ళు కాలిపోయుండాలి."

హాలంతా నవ్వింది. భిలాయి, దుర్గ్ జనానికి కాజూ అంటే, అదే మన జీడిపప్పు, తెల్లగా, మెత్తగా, మిఠాయి దుకాణంలో పుడతాది. దానికో తొక్కుంటాదని, ఆ తొక్కలో నూనె ఉంటాదని, అది మనిషిని తినీస్తాదని వాళ్ళకి ఎవరు చెప్పారు గనక?

మామ్మకి హిందీ రాదు. కాని "కాజూ" అర్థమైంది, నవ్వు కూడా అర్థమైంది.

"క్యా?" అంది.

సాబ్ నవ్వు ఆగలేదు. మామ్మ బొడ్లోంచి బామ్ సీసా తీసి టేబుల్ మీద టక్కున పెట్టింది. మూత తిప్పి, కొంగున కట్టుకొచ్చిన చీపురుపుల్ల నూనెలో ముంచి, "సెయ్యి ఇటివ్వు," అంది.

సాబ్‌కి తెలుగు రాకపోయినా చెయ్యి వెనక్కి లాక్కోవడం వచ్చు.

"ఇయ్యవా? భయమేటి? నీ కాజూయే గదరా!" అని, ఆ నూనె తన కుడి బొటనవేలికే పూసుకుంది. గుజ్జు నిండా.

వదిన కెవ్వుమంది. "వద్దు మామ్మగారూ! అది రేషన్ వేలు! పెన్షన్ వేలు!"

"ఎల్లుండి తెస్తాను. అప్పుడు నవ్వమను, సూస్తాను," అంది మామ్మ.

వదిన హిందీలోకి మార్చి చెప్పింది. సాబ్ సెంటర్ శనివారం దాకా ఉంటుందన్నాడు, అప్పటిదాకా నా పేరు పక్కన పెడతానన్నాడు. మా మీద జాలితో కాదు. మధ్యాహ్నం భోజనం లోపల ఆ సీసా తన టేబుల్ మీంచి పోవాలని.

ఇంటికొచ్చాం. మూడో రోజు పొద్దున్న లేచి ముగ్గురం మామ్మ వేలు చుట్టూ చేరాం. ఏమీ లేదు. ఎరుపైనా లేదు. అన్నేళ్ళు పచ్చి పిక్కలు కొట్టిన వేలు అది. దాని తోలు మీద రైలు పట్టా వేసుకోవచ్చు. నూనె మామ్మని గుర్తుపట్టి, నమస్కారం పెట్టి పక్కకి తప్పుకున్నట్టుంది.

మొదటిసారి మామ్మ మొహంలో భయం చూసాను. సీసా తీసి మళ్ళీ పూసుకోబోయింది.

"ఆగండి," అంది వదిన.

"నాను రాసుకుంటాను పో."

"రాసుకుంటే ఎక్కదు. మీ తోలు మందం."

"నేను రాసుకుంటాను, నాది లేత తోలు," అని కుడి బొటనవేలు చూపించాను.

"నీది కాలిస్తే నువ్వే కాల్చుకున్నావంటారు, బుద్ధిలేనోడా. పక్కకి జరుగు."

వదిన గిన్నెలో వేణ్ణీళ్ళు తెచ్చింది. మామ్మ వేలు అందులో ముంచి పట్టుకుంది. మామ్మ లాక్కోబోయింది.

"వదులు! నీ మందు నాకొద్దు!"

"నా మందు కాదు. నా పద్ధతి. మందు మీదే. కదలకండి."

నానిన తరవాత ఆకురాయి తీసింది. నా పులిపిరి మీద ఎలగ గీకేదో అలగే, పొర తరవాత పొర, మామ్మ వేలి గట్టి తోలంతా గీకింది. కింద లేత ఎరుపు కనబడేసరికి ఆపింది. చుట్టూ వేజలిన్ రాసింది. బామ్ సీసా మూత తీసింది, చీపురుపుల్ల పారేసి, తన పెయింటు సీసా బ్రష్షుని కడిగి తుడిచి దాంట్లో ముంచింది. అప్పుడాగి నా వైపు చూసింది.

"ఇలాంటిది చెయ్యమని నా చదువులో ఎక్కడా లేదు. చెయ్యొద్దని మాత్రం ఉంది. నీ మొహం చూసి చేస్తున్నాను, నాకు నీ మొహం ఇంకెప్పుడూ కనబడకూడదని."

"కబుర్లాపి ఎట్టు," అంది మామ్మ. "అలగ కాదే, నడిమధ్యన. ఒత్తు."

"ఒత్తుతున్నాను కదా!"

"ఒత్తడం కూడా రాదు. ఏటి సదివినావో."

నేను వాసవిని ఎత్తుకుని వరండాలోకి వచ్చీసాను. లోపల ఇద్దరూ ఒకే వేలు పట్టుకుని తిట్టుకుంటున్నారు.

శనివారం నాటికి మామ్మ వేలు పొంగింది. నాది గారె అయితే, ఆవిడది బూరె. దుర్గ్ హాల్లోకి ఆ వేలు ముందు, వెనక మామ్మ వెళ్ళారు. వరసలో ఉన్న కుర్రాళ్ళు తమకి తామే దారి ఇచ్చీసారు.

సాబ్ చూసాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసాడు. పక్క టేబుల్ ఆయన లేచొచ్చి చూసాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందులో ఒకాయన తన టీ పక్కనున్న కాజూ బిస్కట్ మెల్లగా దూరంగా జరిపాడు.

"ఇది ఆ నూనేనా?" అన్నాడు సాబ్.

"నై," అంది మామ్మ. "కాజూ."

సాబ్ ఇంక నవ్వలేదు. నా చేత కుడి చేతి వేళ్ళన్నీ మెషీన్ మీద పెట్టించాడు, ఫోటో తీయించాడు, మొదటి పరీక్ష నాటి ఫోటో పక్కన పెట్టి నా చెవులు, ముక్కు కొలిచినంత పని చేసాడు. ఎడమ వేలు చర్మం గీతలు పట్టాక మళ్ళీ రావాలి, అప్పటిదాకా నీ కేసు తెరిచే ఉంటాది, తీసీయడం లేదు అన్నాడు. గొంతులో ఒక్క చుక్క తీపి లేదు. ఇంకో షరతు కూడా పెట్టాడు, మళ్ళీ వచ్చేటప్పుడు ఈ ముసలావిణ్ణి తేకూడదని.

"ఏటంటన్నాడు?" అంది మామ్మ.

"ఆరోగ్యం జాగ్రత్త అంటున్నారు," అంది వదిన.

"తప్పయిపోనాదని సెప్పమను. ఆడు నవ్వినాడు."

వదిన సాబ్ వైపు తిరిగి హిందీలో, "చాలా థాంక్సని చెప్తోందండి," అని, మామ్మని భుజం పట్టి బయటికి తోసుకొచ్చింది.

కారిడార్లో బెంచీ మీద కూర్చోబెట్టి, సంచీలోంచి గాజ్ గుడ్డ తీసి కట్టు కట్టింది. మామ్మ మూలుగుతూనే ఉంది.

"నీ సెయ్యి బరువే. నా మనవణ్ణి ఇలగే సంపేసి ఉంటావు."

"ఇంక రేషన్‌కి ఎవరు వేలు పెడతారు?"

"నువ్వెట్టు. కాళీగానే ఉన్నాయి గదా నీయి."

ఆటోలో నేను మధ్యలో కూర్చున్నాను. వదిన బయటికి చూస్తూ, "ఉద్యోగం వచ్చిన రోజే మంచం ఖాళీ చెయ్యాలి. ఒక్కరోజు కూడా ఎక్కువ ఉండనివ్వను," అంది.

"నాను కూడా ఆడితోనే పోతాను," అంది మామ్మ.

"మీరెక్కడికీ వెళ్ళరు. ఆ వేలు మానేదాకా నా కళ్ళ ముందుండాలి. రోజూ కట్టు నేనే మారుస్తాను, ఇంకెవరూ ముట్టుకోకూడదు."

"నీ కట్టు ఎవలిక్కావాలి?"

ఆటో గోతిలో పడింది. ముగ్గురం ఒకేసారి ముందున్న ఇనుప రాడ్డు పట్టుకున్నాం. కాలిన వేళ్ళున్న ఇద్దరం కెవ్వుమన్నాం. మూడో మనిషి మాత్రం సుపేలా వచ్చేదాకా నవ్వుతూనే ఉంది.